పొగలేని మందు: పిస్తోలు తూటాకు తగినదానిని ఎంచుట ఎట్లు?

నూజెండ్ల చుట్టుపట్ల పత్తి తీతలు ముగిసిన తరువాత బస్తాలు మిల్లులకు పోవును. అక్కడ యంత్రము దూదిని గింజనుండి వేరుచేయును. దూది నూలుమిల్లులకు, గింజ నూనెమిల్లులకు చేరును. దూది తీసిన గింజనొకదానిని అరచేతిలో పెట్టుకొని చూడుడు. దానిపై పొట్టిదైన సన్నని నూగు ఇంకను అంటుకొని యుండును. అది దారము వడకుటకు పనికిరాదు. అయినను అది వృథాగా పోవు వస్తువు కాదు. స్వచ్ఛమైన సెల్యులోజు కావలసిన పరిశ్రమలు దానిని కొనును. కాగితము, కృత్రిమ పట్టు, రంగులు, లక్కలు తయారుచేయువారికి అది కావలెను. తుపాకిమందు తయారుచేయువారికిని అది కావలెను.

పత్తికిని పిస్తోలుకును ఈ విధముగా సంబంధము కుదిరినది. నేడు ప్రపంచమున పిస్తోలు, రివాల్వరు తూటాలలో నిండియుండునది ఇంచుమించుగా అంతయు సెల్యులోజునుండి పుట్టిన పొగలేని మందే. అమెరికా మొదలగు దేశములలో లక్ష్యభేదనము అభ్యసించువారు కాల్చిన తూటాల ఇత్తడి గుల్లలను పారవేయక, కొత్త కేపు, కొత్త మందు, కొత్త గుండు అమర్చి మరల వాడుకొందురు. వారు తరచుగా వేసుకొను ప్రశ్న యొకటి కలదు: “ఏ మందు శుభ్రముగా మండును?”

ఈ ప్రశ్న చూచుటకు చిన్నది. అయినను దీనికి సమాధానము చెప్పబూనినచో రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము, కొంత గణితము కూడ కావలసివచ్చును. తొందరపడి తప్పు సమాధానము చెప్పుకొన్నవారు చేతివ్రేళ్లను పోగొట్టుకొనుటయు కలదు. కావున దీనిని మొదటినుండి విచారింతము.

నల్లమందు ఏల మసి చేయును?

పల్నాటి వీరులు కారెంపూడి కడ పోరాడిన 12వ శతాబ్దమున మన దేశమున తుపాకులు లేవు. కత్తులు, ఈటెలే వారి ఆయుధములు. తరువాతి శతాబ్దములలో ఫిరంగులు, తుపాకులు వచ్చినవి. వాటితోపాటు నల్లమందు వచ్చినది. సురేకారము, బొగ్గు, గంధకము కలిపిన పొడియే నల్లమందు. ఇందు సురేకారమే ఎక్కువ పాలు. మన పల్లెలలో దీనిని పెట్లుప్పు అనియు అందురు. చవిటిమట్టిని నీట నానబెట్టి, ఆ నీటిని కాచి, పేరబెట్టి ఉప్పును, సురేకారమును తీయుట తెలుగునాట ఉప్పరవారి పూర్వవృత్తులలో ఒకటి. డచ్చివారు మన తీరమునకు దక్షిణపు కొసనున్న పులికాటులో 17వ శతాబ్దమున మందు కర్మాగారమునే నడపిరి.

నల్లమందులో ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పని కలదు. బొగ్గు మండెడి వస్తువు. సురేకారము దానికి కావలసిన ఆమ్లజనిని ఇచ్చును. గంధకము నిప్పు త్వరగా అంటుకొనుటకు తోడ్పడును. మూసిన గొట్టములో గాలి లేకున్నను మందు మండుటకు కారణము ఇదియే. అది తన ఆమ్లజనిని తనతోనే తెచ్చుకొనును.

కాని సురేకారములో పొటాసియము అను లోహము కలదు. అది వాయువుగా మారి పోదు. మంటలో అది కార్బనేటుగను, సల్ఫేటుగను, సల్ఫైడుగను మారి ఘనపదార్థముగా మిగులును. నోబుల్, ఏబెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1875లో ప్రకటించిన పరిశోధనలనుబట్టి, 100 గ్రాముల నల్లమందు మండినచో సుమారు 43 గ్రాములు మాత్రమే వాయువగును. తక్కిన 57 గ్రాములును ఘనపదార్థమే. గుండును తోయునది వాయువు. ఘనపదార్థములో కొంత తెల్లని పొగగా బయటికి పోవును. కొంత గొట్టము లోపల మడ్డివలె అంటుకొనును.

నాటు తుపాకి వాడిన పెద్దలకు ఈ మడ్డి సంగతి బాగుగా తెలియును. మూతినుండి మందు పోసి, గజముతో దట్టించి కాల్చు తుపాకిని, కొన్ని మారులు కాల్చినంతనే గజము సులభముగా దిగదు. ఆ రోజే వేడినీళ్లతో కడిగి, తుడిచి, నూనె పూయవలెను. లేనిచో ఆ లవణములు గాలిలోని తేమను పీల్చుకొని గొట్టమును తుప్పు పట్టించును. ఈ దోషము నల్లమందు స్వభావములోనే ఉన్నది. ఎంత నేర్పుతో తయారుచేసినను అది పోదు. పొటాసియము లేని మందు కావలెను.

నూగునుండి పుట్టిన మందు

1846లో స్విట్జర్లాండులోని బేసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయనిక శాస్త్రజ్ఞుడు, ఆమ్లముల చర్యచే దూది మిక్కిలి తీవ్రముగా మండు వస్తువుగా మారుటను గుర్తించెను. చూచుటకు అది దూదివలెనే యుండును. కాని దాని అణువులో నత్రజని, ఆమ్లజని కొత్తగా చేరినవి. దీనినే నైట్రోసెల్యులోజు అందురు. ఇందు పొటాసియము లేదు, గంధకము లేదు. మండినప్పుడు ఇది నీటియావిరి, బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మొనాక్సైడు, నత్రజని, ఉదజనిగా మారిపోవును. ఇవన్నియు వాయువులే. కావున పొగయు, మడ్డియు మిక్కిలి తక్కువ.

ఇది వినుటకు బాగుగనే యున్నది. కాని దూది రూపముననున్న ఆ వస్తువు మితిమీరిన వేగముతో మండి తుపాకులను పగులగొట్టినది. 1847లో ఇంగ్లండులోని ఫావర్షామున దీనిని తయారుచేయు కర్మాగారము పేలి పలువురు పనివారు మరణించిరి. దాదాపు నలువది యేండ్లు ఈ వస్తువు తుపాకికి లొంగలేదు.

1884లో ఫ్రాన్సు దేశమున పాల్ వియే దానిని లొంగదీసెను. ఆయన నైట్రోసెల్యులోజును ఈథరు, ఆల్కహాలుల మిశ్రమముతో మెత్తని ముద్దగా చేసి, రేకులుగా సాగదీసి, చిన్న బిళ్లలుగా కత్తిరించెను. దూదిలోని సన్నని పోగులు, వాటి నడుమనున్న ఖాళీలు మాయమై గట్టి బిళ్ల మిగిలెను. మంట ఇప్పుడు దాని లోపలికి ఒక్కసారిగా చొరబడలేదు. పైపొర మండి, తరువాత దాని క్రింది పొర మండి, క్రమముగా లోనికి పోవలెను. 1887లో నోబెల్ బాలిస్టైటును, 1889లో బ్రిటిషువారు కార్డైటును సిద్ధపరచిరి. వీటిలో నైట్రోసెల్యులోజుతోపాటు నైట్రోగ్లిసరిను కూడ కలదు. మన దేశమున నీలగిరులలోని అరువంకాడు కడ 1904లో కార్డైటు కర్మాగారము నెలకొనెను. అది నేటికిని పనిచేయుచున్నది.

వియే చేసిన పనిలోని సారమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. వస్తువు మారలేదు, దాని ఆకారము మారినది. ఆకారము మారగనే మండు తీరు మారినది.

వేయింట ఒక వంతు సెకండులో

తూటాలో నాలుగు భాగములు కలవు. ఇత్తడి గుల్ల, దాని అడుగున కేపు, లోపల మందు, మూతియందు గుండు. మీట నొక్కగానే సూది కేపును కొట్టును. కేపులోని నిప్పు మందునకు అంటుకొనును. మందు మండి వాయువగును. వేడెక్కిన వాయువు గుండును తోసికొని పోవును.

ఇందుకు ఎంత కాలము పట్టునో లెక్కవేయుదము. పిస్తోలు గొట్టము పొడవు 10 సెంటీమీటర్లు, గుండు బయటికి వచ్చునప్పటి వేగము సెకండుకు 250 మీటర్లు అనుకొనుడు. బయలుదేరునప్పుడు వేగము సున్న. కావున సగటు వేగము సుమారు 125 మీటర్లు. 10 సెంటీమీటర్లను, అనగా 0.1 మీటరును, 125చే భాగించినచో 0.0008 సెకండు వచ్చును. మందు తన పనినంతటిని ఈ వ్యవధిలోనే ముగింపవలెను. గుండు గొట్టమును విడిచిన మరుక్షణమే వాయువు బయటికి తన్నుకొనిపోయి పీడనము పడిపోవును. అప్పటికి మండక మిగిలిన బిళ్లలు కొన్ని మంటగా బయటికి పోవును. కొన్ని సగము కాలి గొట్టములోను, రివాల్వరు చక్రము క్రిందను చిక్కుకొనును. పొగలేని మందు వాడినను తుపాకి మురికియగుటకు ఇది మొదటి కారణము.

రైఫిలు గొట్టము పిస్తోలు గొట్టముకంటె అనేక రెట్లు పొడవైనది. అందు మందునకు ఎక్కువ కాలము దొరకును. కావున రైఫిలుకు నెమ్మదిగా మండు మందు తగును. పిస్తోలుకు త్వరగా మండు మందు తగును. రైఫిలులో శుభ్రముగా మండిన మందే పిస్తోలులో సగము పచ్చిగా మిగులును. దోషము మందునందు లేదు, పొత్తునందు ఉన్నది.

మందు మండు వేగమును ఎట్లు మార్చుదురు?

ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఆరు ముఖములు. దాని ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు భుజము గల ఘనములుగా కోసినచో 1,000 ముక్కలు వచ్చును. ఒక్కొక్క ముక్క ఉపరితలము 6 చదరపు మిల్లీమీటర్లు. అన్నిటిది కలిపి 6,000 చదరపు మిల్లీమీటర్లు, అనగా 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థము అంతే, మండెడి ముఖము పదిరెట్లు పెరిగినది. మొద్దు గంటల తరబడి కాలుటకును, దాని నుండి చెక్కిన చితుకులు క్షణములో భగ్గుమనుటకును కారణము ఇదియే. పిస్తోలుమందు బిళ్లలు చిన్నవిగను పలుచగను ఉండుట ఇందుచేతనే.

ఆకారమునకు కూడ ప్రాముఖ్యము కలదు. గుండ్రని రవ్వ మండుకొలది చిన్నదగును. దాని ఉపరితలము తగ్గుచు వచ్చును. నడుమ రంధ్రము గల గొట్టపు ముక్క మండునప్పుడు బయటి ముఖము తగ్గును, లోపలి ముఖము పెరుగును. కావున మొత్తముమీద ఇంచుమించు ఒకే వేగముతో వాయువు పుట్టును. శ్రీహరికోటలో పోతపోయు రాకెట్ల ఘన ఇంధనమునకు నడుమ బోలు ఉంచి, ఆ బోలు ఆకారమును లెక్కవేసి నిర్ణయించుటలోనున్న సూత్రమును ఇదియే. ఇది కాక, రవ్వల పైపొరలో మంటను నెమ్మదింపజేయు పదార్థమును ఇంకించుట మరియొక పద్ధతి.

ఈ ఉపాయములచే తయారీదారులు అతివేగముగా మండు మందు మొదలు అతినెమ్మదిగా మండు మందు వరకు వరుసగా అనేక రకములు చేయుదురు. వరుసలో ఏది ఎచ్చట నిలుచునో పట్టికలలో చూపుదురు.

లాంతరు నేర్పు పాఠము

కిరసనాయిలు లాంతరు వెలిగించిన పెద్దలను అడిగి చూడుడు. వత్తిని మరీ ఎత్తినచో చిమ్నీ మసిబారును. మరీ దించినచో దీపము మినుకుమని వాసన కొట్టును. నూనె అదే, వత్తి అదే. వత్తి ఎత్తునకును, చిమ్నీలో ఆడు గాలికిని పొత్తు కుదిరినప్పుడే వెలుగు తెల్లగా ఉండును.

తూటాలో గాలికి బదులు పీడనము ఈ పొత్తును నిర్ణయించును. పొగలేని మందు మండు వేగము చుట్టునున్న పీడనమునుబట్టి పెరుగునని వియే 1893లో సూత్రీకరించెను. బయట పళ్లెములో పోసి వెలిగించిన మందు పేలదు, బుస్సుమని మండిపోవును. అదే మందు గుల్లలో బంధింపబడినప్పుడు, పుట్టిన వాయువు పోవుటకు దారిలేక పీడనమును పెంచును. పెరిగిన పీడనము మంటను త్వరపెట్టును. త్వరపడిన మంట ఇంకను పీడనమును పెంచును. పీడనము ఒక స్థాయికి చేరిననే ఆ మందు పూర్తిగా, శుభ్రముగా మండును. చేరనిచో మసియు, కాలని రవ్వలును మిగులును.

దీనికి చక్కని ఉదాహరణము .38 స్పెషల్ తూటా. ఇది 1898 ప్రాంతమున, నల్లమందు వాడుక ఇంకను పోని రోజులలో పుట్టినది. నల్లమందు ఎక్కువగా పట్టవలెనని దాని గుల్లను పొడవుగా చేసిరి. పొగలేని మందు కొద్దిగా పోసినను చాలును. కావున లోపల చాల భాగము ఖాళీగా ఉండును. పైగా దాని గరిష్ఠ పీడనము చదరపు అంగుళమునకు 17,000 పౌనులకు మాత్రమే నిర్ణయింపబడినది. 20వ శతాబ్దపు తొలి యేండ్లలో పొగలేని మందు కొరకే పుట్టిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా గుల్ల చిన్నది. దాని పరిమితి 35,000 పౌనులు. ఈ పీడనమునకు శుభ్రముగా మండు మందును .38లో తేలికగా పోసి కాల్చినచో మసి చేయుట ఆశ్చర్యము కాదు. మన దేశమున కాన్పూరులో తయారగు .32 రివాల్వరును లైసెన్సుదారులు పలువురు ఎరుగుదురు. దాని తూటా కూడ 1896లో నల్లమందు కాలమున పుట్టినదే. అదియు తక్కువ పీడనముతో పనిచేయునదే.

గుల్ల బయట మసి అంటుటకు కూడ పీడనమే కారణము. కాల్చినప్పుడు పలుచని ఇత్తడి గోడ వ్యాకోచించి తుపాకి లోపలి గోడకు అతుక్కొనవలెను. అప్పుడు వాయువు వెనుకకు రాదు. పీడనము చాలనిచో గుల్ల అతుక్కొనదు. వాయువు ప్రక్కనుండి వెనుకకు వచ్చి దానిని నల్లబరచును. కాల్చిన గుల్ల ఒక ప్రక్క నల్లగా కనబడినచో “ఈ మందు చెడ్డది” అని తీర్మానించుటకు ముందు “ఈ మందునకు ఇక్కడ తగిన పీడనము అందినదా?” అని విచారింపవలెను.

మసి అంతయు మందుదేనా?

కాదు. మూడు చోట్లనుండి మురికి వచ్చును. మందునుండి వచ్చునది ఒకటి. రెండవది కేపునుండి వచ్చును. పూర్వకాలపు కేపులలో పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది మండిన తరువాత పొటాసియము క్లోరైడు మిగిలి, వంట ఉప్పువలెనే తేమను పీల్చి తుప్పు పుట్టించెడిది. 1920వ దశకమునుండి జర్మనీలో మొదలై, సీసపు స్టిఫ్నేటు గల తుప్పు పట్టింపని కేపులు వాడుకలోనికి వచ్చినవి. మూడవది గుండునుండి వచ్చును. రాగి తొడుగు లేని సీసపు గుండుకు మైనమువంటి జిడ్డు పూయుదురు. అది కాలినప్పుడు లేచు పొగను చూచి మందునే నిందించుట సామాన్యముగా జరుగు పొరపాటు. మందు మార్చక, తొడుగు గల గుండును వాడి చూచిన ఈ పొరపాటు తీరును. ఒక సమయమున ఒక్క కారణమునే మార్చి ఫలితము చూడవలెనను ప్రయోగశాల నియమము ఇచ్చటను వర్తించును.

కేపులోను గుండులోను ఉన్న సీసము ధూళియై గాలిలో కలియును. సీసము శరీరమున చేరిన కొలది నరములకు, మూత్రపిండములకు హాని చేయును. పిల్లలకు మరింత హాని. మూసిన గదులలోని షూటింగు శాలలలో గాలి ధారాళముగా ఆడు ఏర్పాటు ఉండుటయు, కాల్చినవారు తినుటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనుటయు ఇందుకే. శుభ్రత తుపాకి కొరకు మాత్రమే కాదు, కాల్చు మనిషి కొరకును కావలెను.

హైదరాబాదునకు చెందిన ఈషా సింగ్, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీలో రజత పతకము గెలుచుకొనెను. ఆ పోటీలో వాడునది .22 తూటా. ఎన్.సి.సి. విద్యార్థులు రైఫిలు శిక్షణలో ఎరిగిన తూటాయు ఇదియే. దీనికి వేరుగా కేపు లేదు. నిప్పు పుట్టించు పదార్థము గుల్ల అడుగు అంచులోనే నిండియుండును. సూది ఆ అంచును నొక్కివేయును. కావున ఈ గుల్లను మరల నింపుట కుదరదు. పోటీకి దిగువారు వేరువేరు కర్మాగారముల తూటాలను తమ పిస్తోలులోనే కాల్చి చూచి, ఏది నిలకడగా పనిచేయునో దానిని ఎన్నుకొందురు. పొత్తును పరీక్షించి చూచుటయే వారును చేయు పని.

శుభ్రతకై ప్రాణము పణము పెట్టరాదు

తూటా మసి చేయుచున్నది. పీడనము చాలకపోవుటచే మసి కలుగుచున్నదని పైన చెప్పితిమి. అట్లయినచో మందు మరికొంచెము పోసిన సరి కదా? ఈ ఆలోచన ఎవరికైనను తోచును. ఆపద ఉన్నది ఇచ్చటనే.

పీడనము మంటను, మంట పీడనమును పెంచునని చూచితిమి. కావున మందును పదియవ వంతు పెంచినచో పీడనము పదియవ వంతుతో ఆగదు. అంతకు మించి పెరుగును. గుండును కొంచెము లోతుగా దిగగొట్టినను, లోపలి ఖాళీ తగ్గి పీడనము పెరుగును. పిస్తోలు గొట్టము ఓర్చుకొను హద్దు దాటినచో గుల్ల చీలును, చక్రము పగులును. అది కాల్చువాని చేతిలోను, ముఖమునకు ఎదురుగను ఉన్న వస్తువు అని మరువరాదు.

త్వరగా మండు మందునకు ఇంకొక చిక్కు కలదు. తక్కువ పీడనపు తూటాలో అది శుభ్రముగా మండును; కొద్దిగా పోసినను చాలును. కాని ఆ కొద్ది మందు గుల్లలో సగమునకంటె తక్కువ చోటు ఆక్రమించును. పరధ్యానముతో అదే గుల్లలో రెండవమారు పోసినను పొర్లిపోదు, పైకి తెలియదు. కాల్చినప్పుడు రెట్టింపు మందు ఒక్కమారుగా మండును. గుల్లను సగమునకు మించి నింపు ఉబ్బైన మందును ఎంచుకొన్నచో, రెండవమారు పోసినది పొర్లి నేలపై పడి తప్పును చాటును. కావున అనుభవశాలురు ఇది కొంచెము మసి చేసినను దీనికే మొగ్గు చూపుదురు. మసి గుడ్డతో తుడిచిన పోవును. పోయిన కన్ను తిరిగి రాదు.

కావున వివేకముతో ఎంచువారు పాటించు క్రమము ఇది. మొదట తూటాకును గొట్టమునకును తగిన వేగము గల మందులను మాత్రమే విచారింతురు. పిమ్మట తయారీదారుడు పరీక్షించి ప్రకటించిన పట్టికలోని హద్దులలోనే నిలుతురు. ఊహతోగాని, ఇరుగుపొరుగు మాటతోగాని పరిమాణమును నిర్ణయింపరు. రెండు రకముల మందులను ఎన్నడును కలుపరు. పేరు చెరిగిన డబ్బాలోని మందును వాడరు. ఈ హద్దులలో మిగిలిన రకములలో ఏది తక్కువ మసి చేయునో చివరకు చూతురు. శుభ్రత ఎన్నికలో చివరి మెట్టు. మొదటి మెట్టు కాదు.

రెంటచింతల ఎండ

పల్నాటివారికి వేసవి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. రెంటచింతల పేరు ప్రతి యేటను వార్తలలో వినవచ్చును. ఈ ఎండకును మందునకును సంబంధము కలదు. వేడెక్కిన మందు మరింత వేగముగా మండి పీడనమును పెంచును. అంతేకాదు, నైట్రోసెల్యులోజు నిలువయుండగనే మెల్లమెల్లగా విచ్ఛిన్నమగుచుండును. అప్పుడు వెలువడు నత్రజని ఆక్సైడులు ఆ విచ్ఛిన్నతను ఇంకను త్వరపెట్టును. రసాయనిక చర్యల వేగము 10 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు రెట్టింపగునను మోటు లెక్కను విద్యార్థులు ఎరుగుదురు. దానినిబట్టి రేకుల కప్పు క్రింది గదిలో ఒక వేసవి గడచుట ఎంత హానికరమో ఊహింపవచ్చును.

1907 మార్చి 12న టూలాన్ రేవులో ఫ్రెంచి యుద్ధనౌక ఇయేనా పేలి వందమందికి పైగా మరణించిరి. 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబర్తే అను నౌక పేలెను. నిలువలోనున్న మందు చెడి తనంతట తాను వేడెక్కుటయే కారణమని తలంచిరి. అది వియే కనుగొన్న జాతి మందే. నేడు మందులో డైఫినైలమీను వంటి పదార్థమును కొద్దిగా కలుపుదురు. అది వెలువడిన ఆక్సైడులను పట్టివేసి విచ్ఛిన్నతను అదుపులో ఉంచును. కాని ఆ కాపలాదారు శక్తికిని హద్దు కలదు, అది ఖర్చగుచుండును. ఘాటైన ఆమ్లపు వాసనయు, ఎఱ్ఱని ఆవిరియు చెడిన మందునకు గుర్తులు. శుభ్రముగా మండవలసిన మందు చల్లగా, పొడిగా, తన అసలు డబ్బాలోనే నిలువ ఉండవలెను.

మన తరగతిగదికి

మన దేశమున 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము, 1959 నాటి ఆయుధముల చట్టము, 2016 నాటి ఆయుధముల నియమావళి ఈ విషయములను అదుపుచేయును. అనుమతి లేక మందునుగాని, తూటానుగాని తయారుచేయుటయు, ఉంచుకొనుటయు నేరము. ఇవి పాఠశాలలో చేయు ప్రయోగములు కావు. దీపావళి టపాకాయల మందు విప్పి పోగుచేసి చూడవలెనను బాలుర ఉబలాటమును ఉపాధ్యాయులు మొదటనే వారింపవలెను. పెద్ద కర్మాగారములలో, ఆరితేరినవారి చేతులలోనే ఈ వస్తువు ప్రాణములు తీసినదని పైన చూచితిమి.

అయినను ఇందలి శాస్త్రమును నేర్పుటకు మందు అక్కరలేదు. ఉపాధ్యాయుడు ఒక బంగాళాదుంపను ఘనముగా కోసి, దానిని మరల చిన్న ఘనములుగా కోయించి, ఉపరితలము ఎట్లు పెరిగినదో లెక్క కట్టింపవచ్చును. లాంతరు వత్తిని ఎత్తి, దించి, చిమ్నీపై పింగాణి పలక ఉంచి మసిని చూపవచ్చును. “నూనె మారలేదు కదా, మసి ఏల మారినది?” అని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు తమంతట తాము సమాధానము చెప్పగలిగిన విద్యార్థులు ఈ వ్యాసమంతటిని గ్రహించినట్లే.

శుభ్రముగా మండుట మందు ఒక్కదాని గుణము కాదు. రవ్వ ఆకారము, గుల్ల చోటు, గొట్టము పొడవు, గుండు బరువు, పీడనము, వేడి అన్నియు కుదిరినప్పుడు పుట్టు ఫలితము అది. వంట పొయ్యికిని, మోటారు ఇంజనుకును, రాకెట్టుకును ఈ నియమమే వర్తించును. పొగ కనబడినచోట ఇంధనమును తిట్టుటకు ముందు, అది మండుటకు మనము కల్పించిన పరిస్థితిని పరిశీలింపవలెను. నూజెండ్ల చేలలో పత్తిగింజను అంటియున్న నూగు వస్త్రమునకు పనికిరాకున్నను, ఈ పాఠమును చెప్పుటకు పనికివచ్చినది.